కడుపునొప్పి సాకు కాదు

మా బడిలో సెలవు చీటీలు చదివే పని చాలా ఏళ్ళుగా నాది. జ్వరం తరువాత మన పిల్లలు ఎక్కువగా రాసే కారణం కడుపునొప్పి. జ్వరాన్ని చెయ్యిపెట్టి చూడవచ్చు, ధర్మామీటరుతో కొలవవచ్చు. కడుపునొప్పిని కొలిచే సాధనం ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు. అందుకే లెక్కల పరీక్షనాడు "కడుపులో నొప్పిగా ఉంది మాస్టారూ" అన్న కుర్రవాణ్ణి చూసి తరగతి అంతా నవ్వుతుంది. ఇంటికి వెళితే "నిన్న ఏం గడ్డి తిన్నావురా?" అని అమ్మ అడుగుతుంది. మా మాడుగులలో అయితే ఆ ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉంటుంది: హల్వా! గోధుమపాలతో, నేతితో చేసే మా ఊరి హల్వా పేరు మీరు వినే ఉంటారు. ఇక్కడ ఏ పిల్లవాడికి కడుపు నొప్పి చేసినా ముందుగా నేరం దానిమీదకే పోతుంది.

పిల్లలూ! ఈ వ్యాసంలో నేను మీకు చెప్పదలచుకున్నది ఒక్కటే. పిల్లల ఉదరానికీ, జీర్ణనాళానికీ చేసే శస్త్రచికిత్స ఈనాడు ఎంతో అభివృద్ధి చెందింది. డాక్టరు చేతిలోని కత్తికి మనం భయపడవలసిన అవసరం చాలావరకు తగ్గిపోయింది. భయపడవలసింది ఆ కత్తి దగ్గరకు చేరేలోపల గడిచిపోయే గంటలకు. ఆ గంటలు ఆసుపత్రిలో కాదు, ఇంట్లోనూ బడిలోనూ ఖర్చవుతున్నాయి.

ఎందుకంటారా? ఉండుకం సంగతే తీసుకుందాం. మీ జీవశాస్త్ర పుస్తకంలో అవశేషావయవాల జాబితాలో ఈ పేరు చదివే ఉంటారు. చిన్న ప్రేగు పెద్ద ప్రేగుతో కలిసేచోట, పొట్టకు కుడివైపు దిగువన, వానపాములాగా వేలాడే సన్నని గొట్టం ఇది. పొడవు సాధారణంగా 6 నుంచి 10 సెంటీమీటర్లు. లావు పెన్సిలు కంటె తక్కువే. ఒక కొన మూసుకుని ఉంటుంది. (ఇది పూర్తిగా పనికిమాలినదని ఇప్పటి శాస్త్రజ్ఞులు అనడంలేదు. రోగనిరోధకశక్తికి సంబంధించిన కణజాలం ఇందులో ఉన్నది. పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్నదే రాయండి!) ఏదో ఒక కారణంచేత దీని ద్వారం మూసుకుపోతే లోపల ద్రవం నిలిచిపోతుంది, సూక్ష్మజీవులు పెరుగుతాయి, గొట్టం ఉబ్బుతుంది. ఉబ్బినకొద్దీ దాని గోడలోని రక్తనాళాలు నలిగి రక్తప్రసారం ఆగుతుంది. రక్తం అందని గోడ కుళ్ళి చిల్లిపడుతుంది. లోపలి చీము, మలం ఉదరకుహరంలోకి పోతాయి. ఇది ఏ వయసులోనైనా రావచ్చుగాని, పదేళ్ళకూ ఇరవై ఏళ్ళకూ మధ్య, అంటే సరిగ్గా మీ వయసులో, ఎక్కువగా వస్తుంది.

ఇందులో ఒక విచిత్రం ఉంది. జబ్బు పుట్టినది కుడివైపు దిగువన. కాని మొదటి నొప్పి బొడ్డు చుట్టూ తెలుస్తుంది. ఉండుకం నుంచి బయలుదేరిన నాడులు వెన్నుపాములో చేరే చోటికే, బొడ్డు ప్రాంతపు చర్మం నుంచి వచ్చే నాడులు కూడా చేరతాయి. ఒకే స్టేషనులో దిగిన ఇద్దరు ప్రయాణికులలో ఎవరిది ఏ ఊరో మెదడు పోల్చుకోలేదన్నమాట. కొన్ని గంటల తరువాత వాపు పెరిగి, పొట్టగోడకు లోపలివైపున ఉన్న పెరిటోనియం అనే పొరను తాకుతుంది. ఈ పొరకు చోటు బాగా తెలుసు. అప్పుడు నొప్పి బొడ్డు దగ్గర నుంచి కుడివైపు దిగువకు "నడిచి" వస్తుంది. మీ బొడ్డుకూ, కుడి తుంటి ఎముక ముందు మొనకూ మధ్య ఒక గీత ఊహించుకోండి. ఎముక వైపు నుంచి మూడోవంతు దూరంలో వేలు పెట్టండి. 1889లో మెక్‌బర్నీ అనే అమెరికన్ డాక్టరు గుర్తించిన స్థలం అది. నొప్పి అక్కడికి చేరి, నడిస్తే, దగ్గితే, కుడికాలిమీద గెంతితే ఎక్కువవుతుంటే ఆలస్యం పనికిరాదు. అందరిలోనూ నొప్పి ఇలా పాఠంలో చెప్పినట్లు నడవదు సుమా! అన్నం సహించకపోవడం, వాంతి, కొద్దిపాటి జ్వరం కూడా తోడు రావచ్చు.

మన పెద్దలు ఈ జబ్బుకు "ఇరవైనాలుగు గంటల నొప్పి" అని పేరు పెట్టారు. ఎవరు పెట్టారోగాని, నాకు ఈ పేరంటే ఎంతో గౌరవం. పాశ్చాత్యులు పెట్టిన పేరులో అవయవం మాత్రమే ఉంది, మన పేరులో గడియారం ఉంది. 1886లో ఆ పాశ్చాత్య నామాన్ని వాడుకలోకి తెచ్చిన బోస్టన్ డాక్టరు రెజినాల్డ్ ఫిట్జ్ చెప్పినది కూడా అదే: త్వరగా గుర్తించండి, త్వరగా ఆపరేషను చేయండి అని. విచారించవలసిన సంగతి ఏమిటంటే, పేరు మనకు తెలిసినా ఆ ఇరవైనాలుగు గంటలను మనం వేరే పనులకు వాడుతున్నాం. మొదట ఆముదం. తరువాత వాము, సోడా. బొడ్డు జారిందని నూనె రాసి పిసికించడం. దిష్టి తీయించడం. కొన్నిచోట్ల ఇంకా కడుపుమీద వాతలు పెట్టేవారూ ఉన్నారు. వాము వల్ల పోయేదేమీ లేదు, కాలం తప్ప. కాని ఆముదం అలా కాదు. ఉబ్బి పగలడానికి సిద్ధంగా ఉన్న గొట్టం పక్కన ప్రేగులను బలవంతంగా కదిలించే మందు పోయడం ప్రమాదకరం. వాత వల్ల లోపలి జబ్బు తగ్గదు సరికదా, పైన ఇంకొక పుండు తయారవుతుంది.

చాలా ఏళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక ఊరిలో తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు ఉండేవాడు. కబడ్డీలో దిట్ట. నొప్పి వచ్చిన మొదటిరోజు ఆముదం పోశారు. రెండవరోజు ఎవరో వచ్చి సూదిమందు ఇచ్చారు. మూడవరోజు ఉదయం నొప్పి చప్పున తగ్గింది. ఇంట్లోవాళ్ళు సంతోషించి పప్పన్నం పెట్టారు. సాయంత్రానికి పొట్ట చెక్కలాగా బిగిసిపోయింది. నొప్పి తగ్గినది జబ్బు నయమై కాదు, ఉండుకం పగిలి లోపలి ఒత్తిడి తగ్గినందువల్ల. విశాఖపట్నం తీసుకువెళ్ళి పొట్ట తెరిచి చీము కడిగారు. మూడు వారాలు ఆసుపత్రిలో ఉండి వచ్చాడు. ప్రాణం దక్కింది, ఆ సంవత్సరం పరీక్షలు పోయాయి. ముందుగా వెళ్ళి ఉంటే రెండు మూడు రోజుల్లో ఇంటికి వచ్చేవాడు. నొప్పి ఉన్నట్టుండి మాయమైనప్పుడు కూడా డాక్టరుకు చూపించాలని అందుకే అంటున్నాను.

రాజులకు కూడా ఈ గడియారం మినహాయింపు ఇవ్వలేదు. 1902 జూన్ 26న ఇంగ్లండు రాజు ఏడవ ఎడ్వర్డుకు పట్టాభిషేకం జరగవలసి ఉంది. అతిథులు వచ్చేశారు, వీధులు అలంకరించారు. రాజుగారికి కడుపునొప్పి! ఆయన ఉత్సవం వాయిదాకు ఇష్టపడలేదు. సర్ ఫ్రెడరిక్ ట్రీవ్స్ అనే శస్త్రవైద్యుడు పట్టుబట్టి జూన్ 24న రాజభవనంలోనే ఆపరేషను చేసి చీము తీసివేశాడు. పట్టాభిషేకం ఆగస్టు 9న జరిగింది. ఈ కథ చాలా పుస్తకాలలో ఉంటుంది. అంతగా చెప్పుకోని సంగతి ఒకటున్నది. ఈ ట్రీవ్స్‌కే అంతకు రెండేళ్ళ ముందు, 1900లో, తన కూతురు ఇదే జబ్బుతో చనిపోయింది. రాజుగారి దగ్గర ఆయన ఎందుకంత పట్టుబట్టాడో మీరే ఊహించండి.

చరిత్రలో నమోదైన మొట్టమొదటి ఉండుక శస్త్రచికిత్స జరిగినది మీ ఈడు పిల్లవాడికే అని మీకు తెలుసా? 1735లో లండన్‌లో క్లాడియస్ అమియాండ్ అనే వైద్యుడి దగ్గరకు పదకొండేళ్ళ కుర్రవాణ్ణి తెచ్చారు. వాడు మింగిన గుండుసూది ఉండుకానికి చిల్లు పొడిచింది. అరగంటసేపు కోత. మత్తుమందు లేదు! 1846 వరకు లోకానికి ఈథరు మత్తు సంగతే సరిగా తెలియదు. అయినా ఆ కుర్రవాడు బతికి, నెలరోజులకు ఇంటికి వెళ్ళాడు. మన సుశ్రుత సంహితలో ప్రేగు చిల్లును మూయడానికి పెద్ద నల్లచీమలచేత అంచులను కరిపించి, తలలు అలాగే ఉంచి మొండేలు తుంచివేసే పద్ధతి ఉంది. మత్తుమందు చరిత్రలో మన హైదరాబాదుకూ ఒక పుట ఉన్నది. క్లోరోఫారం ఎంతవరకు సురక్షితమో తేల్చడానికి నిజాం ప్రభుత్వ సాయంతో 1888, 1889 సంవత్సరాలలో అక్కడ రెండు సంఘాలు ప్రయోగాలు జరిపాయి. వారి నిర్ణయాలు తరువాత అన్నీ నిలబడలేదనుకోండి.

ఇప్పుడేమిటి? మత్తుడాక్టరు పక్కనే ఉండి గుండెనూ శ్వాసనూ క్షణక్షణం చూస్తుంటాడు. పిల్లవాడికి నొప్పి తెలియదు. 1980లో జర్మనీలో కుర్ట్ సెమ్ అనే డాక్టరు చిన్న రంధ్రాల ద్వారా దర్శినిని లోపలికి పంపి ఉండుకాన్ని తీసినప్పుడు తోటి డాక్టర్లే ఆయనను తప్పుపట్టారు. నేడు ఆ పద్ధతి పట్టణాలలో మామూలైపోయింది. తొలిదశలో ఉన్న కొందరికి ఆపరేషను లేకుండా యాంటీబయాటిక్ మందులతోనే నయం చేయడం కూడా ఉంది. అయితే ఎవరికి ఏది తగునో పరీక్షలు చేసి డాక్టరు నిర్ణయించవలసిందే, మందుల దుకాణంలో కాదు.

"పిల్లవాడు అంటే చిన్న సైజు పెద్దవాడే గదా, ఏ డాక్టరైతేనేం?" అని అడిగేవారున్నారు. కాదు. పెద్దవారి ప్రేగుల ముందు కొవ్వుతో కూడిన ఒక పల్చని తెర వేలాడుతుంటుంది. దీనిని వప అంటారు. కడుపులో ఎక్కడ వాపు వచ్చినా ఈ తెర అక్కడికి చేరి చుట్టుకుని చీము పాకకుండా ఆపుతుంది. వైద్యులు దీనిని కడుపులోని పోలీసు అని ముచ్చటగా పిలుస్తారు. చిన్నపిల్లలలో ఈ పోలీసు ఇంకా పొట్టివాడు, బలహీనుడు. ఉండుకం గోడ కూడా పల్చన. కనుక వారిలో అది త్వరగా పగులుతుంది, పగిలితే కడుపంతా పాకుతుంది. పది కిలోల బరువున్న పసివాడి ఒంట్లో రక్తం సుమారు 800 మిల్లీలీటర్లే. పెద్దవారికి లెక్కలోకి రాని రక్తనష్టం వాడికి గండమవుతుంది. ఈ తేడాలు తెలిసిన ప్రత్యేక నిపుణులు ఉండాలనే మన దేశంలో పిల్లల శస్త్రవైద్యులు 1965లో తమకంటూ ఒక సంఘం పెట్టుకున్నారు. హైదరాబాదులో 1953లో నెలకొన్న నిలోఫర్ ఆసుపత్రి పేరు మీరు వినే ఉంటారు. గుంటూరుకు చెందిన డాక్టర్ యార్లగడ్డ నాయుడమ్మ అతుక్కుని పుట్టిన కవలలను విడదీసి ఈ శాస్త్రానికి తెలుగునాట గొప్ప పేరు తెచ్చారు. మా ప్రాంతానికి పెద్ద దిక్కు విశాఖపట్నంలో 1923లో ప్రారంభమైన కింగ్ జార్జి ఆసుపత్రి.

మీ ఇళ్ళల్లో తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఉంటారు గనుక పసిపిల్లల సంగతి కూడా కొంచెం చెబుతాను. పొడుగుచేతుల చొక్కా విప్పేటప్పుడు చెయ్యి లోపలికి మడతపడుతుంది చూశారా? ఆరు నెలల నుంచి మూడేళ్ళలోపు పిల్లలలో ఒక్కొక్కప్పుడు ప్రేగు కూడా అలాగే తనలోకి తాను దూరిపోతుంది. బిడ్డ కాళ్ళు ముడుచుకుని కెవ్వుమని ఏడుస్తుంది, కాసేపు ఊరుకుంటుంది, మళ్ళీ ఏడుస్తుంది. తరువాత విరేచనంలో రక్తం కలిసిన ఎర్రని జిగురు కనిపిస్తుంది. దీనిని జిగట విరేచనాలనుకుని మందు పోస్తూ కూర్చుంటే ప్రేగు కుళ్ళుతుంది. తొందరగా తీసుకువెళితే చాలామందిలో కోత కూడా అక్కరలేదు. మలద్వారం గుండా గాలినో ఉప్పునీటినో తగిన ఒత్తిడితో పంపితే దూరిన ప్రేగు వెనక్కు వస్తుంది. గంటల విలువ ఇంతకంటె స్పష్టంగా ఇంకెక్కడ కనిపిస్తుంది?

ఇంకొక మాట. మన తెలుగులో "పచ్చ" అంటే రెండు రంగులు: పసుపుపచ్చ, ఆకుపచ్చ. పుట్టిన కొద్దిరోజుల బిడ్డ "పచ్చగా కక్కింది" అని చెబితే డాక్టరుకు సగమే తెలుస్తుంది. ఆకుపచ్చ వాంతి అంటే పైత్యరసం కిందికి పోవలసినది దారిలేక పైకి వస్తున్నదని అర్థం. ప్రేగు మెలిపడి ఉండవచ్చు. పసిబిడ్డ ఆకుపచ్చగా కక్కితే అప్పటికప్పుడు ఆసుపత్రికి పోవాలి. కనుక ఏ పచ్చో విడమరచి చెప్పండి. భాష కూడా ప్రాణం కాపాడుతుంది, ఇది తెలుగు మాస్టారు ఒప్పుకునే మాట.

ఏలికపాముల గురించి మీకు తెలిసినదే కాబట్టి ఎక్కువ చెప్పను. ఆడ ఏలికపాము అడుగు పొడవు దాకా పెరిగి రోజుకు రెండు లక్షల వరకు గుడ్లు పెట్టగలదు. ఇవి గుంపుగా చుట్టుకుని పిల్లల చిన్న ప్రేగును బిరడాలాగా మూసివేసిన సందర్భాలున్నాయి, వాటికీ ఆపరేషను చేయవలసి వచ్చింది. దేశమంతటా బడులలో ఇస్తున్న ఆల్బెండజోల్ మాత్రను కిటికీలోంచి విసిరేసే వీరులు ప్రతి తరగతిలోనూ ఉన్నారు. ఎవరో నాకు తెలుసు, పేర్లు రాయను.

ఇక నా తోటి ఉపాధ్యాయుల అభ్యంతరం. "ప్రతి కడుపునొప్పినీ నమ్మితే తరగతిలో మిగిలేది బల్లలే" అంటారు. ఇందులో నిజం లేకపోలేదు. పిల్లల కడుపునొప్పులలో నూటికి ఎక్కువ పాళ్ళు వాటంతట అవే తగ్గిపోతాయి. మలబద్ధకం కావచ్చు, తిన్నది అరగకపోవడం కావచ్చు. పరీక్ష భయం కావచ్చు. అయితే పరీక్ష భయంతో వచ్చేది దొంగనొప్పి అనడాన్ని నేను ఒప్పుకోను. ప్రేగుల చుట్టూ నాడుల పెద్ద వల ఉంది, అది మెదడుతో నిత్యం మాట్లాడుతుంటుంది. భయపడినప్పుడు గుండె దడదడలాడడం నిజమైతే కడుపు నొప్పిచేయడమూ నిజమే. నేను నమ్మమనడంలేదు, చూడమంటున్నాను. టైము రాసుకోండి. గంట తరువాత మళ్ళీ అడగండి. నొప్పి పెరుగుతున్నదా, చోటు మారిందా, వాడు వంగి నడుస్తున్నాడా, టిఫిను డబ్బా తెరిచాడా? ఇవి చూడడానికి డాక్టరు పట్టా అక్కరలేదు. ఆటల పీరియడు రాగానే పరుగెత్తినవాడి సంగతి అందరికీ తెలిసిపోతుంది. ఆటల పీరియడులో కూడా గోడవారగా కూర్చున్నవాణ్ణి చూడండి.

సిగ్గుపడి చెప్పనివారి గురించి నాకు ఇంకా బెంగ. ఆడపిల్ల పొత్తికడుపు నొప్పి అనగానే "నెలనెలా వచ్చేదే" అని సరిపెట్టేస్తారు, ఆ అమ్మాయి మరి నోరెత్తదు. ఎప్పుడూ వచ్చే నొప్పిలాగా లేకపోతే, ఒకేవైపు ఉంటే, వాంతులు తోడైతే టీచరమ్మకు చెప్పు తల్లీ. మగపిల్లలలో వృషణం మెలిపడితే నొప్పి పొత్తికడుపులోనే తెలియవచ్చు. ఆరు గంటలలోగా సరిచేయకపోతే ఆ అవయవం దక్కడం కష్టం. సిగ్గుతో తెల్లవారేదాకా దుప్పటి కప్పుకుని పడుకోవడానికి అక్కడ వ్యవధి లేదు.

మా ఊరు కొండల అంచున ఉంది. మాకు పైన పాడేరు ఘాటీ, దిగువన చోడవరం, అనకాపల్లి. విశాఖపట్నం చేరాలంటే డెబ్బై కిలోమీటర్ల పైమాటే. కొండమీది పల్లెల పిల్లలకు రోడ్డుదాకా రావడమే ఒక ప్రయాణం. 2005లో మన రాష్ట్రంలో మొదలైన 108 అంబులెన్సు వచ్చాక చాలా మేలు జరిగింది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకం వల్ల డబ్బు భయమూ కొంత తగ్గింది. అయినా పిల్లల శస్త్రవైద్యులు నగరాలలోనే ఉన్నారు. ప్రతి మండలానికీ ఒకరిని ఇమ్మని నేను అడగను, అది అయ్యే పని కాదు. రాత్రి పదింటికి కూడా స్కానింగు చేసి, "ఇది ఆపరేషను కేసు, ఇప్పుడే పంపండి" అని చెప్పగల ఏర్పాటు అనకాపల్లివంటి ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఉండాలంటాను. నలభై కిలోమీటర్లు వెళ్ళాక "రేపు రండి" అనిపించుకోకూడదు.

అంతవరకు మన చేతిలో ఉన్నది మనం చేద్దాం. కడుపునొప్పి గల పిల్లవాణ్ణి ఒంటరిగా ఇంటికి పంపకూడదు. వాడికి ఆముదం, తెలియని మాత్రలు ఇవ్వకూడదు. నొప్పి తీవ్రంగా ఉంటే, డాక్టరు చూసేదాకా తిండి కూడా పెట్టవద్దు. మత్తు ఇవ్వవలసివస్తే కడుపు ఖాళీగా ఉండడం మంచిది. వెంట వెళ్ళే స్నేహితుడు ఒక కాగితంమీద నాలుగు సంగతులు రాసి ఇవ్వాలి: నొప్పి ఎన్నింటికి మొదలైంది, మొదట ఎక్కడ, ఇప్పుడు ఎక్కడ, చివరిసారి ఏమి తిన్నాడు. దానిమీద హెడ్మాస్టరుగారి సంతకం, బడి ముద్ర అక్కరలేదు. గడియారం చూసి రాసిన టైము ఉంటే చాలు.